అద్దాల పెట్టెకు ఇవ్వని కిల్టు

న్యూజిలాండ్, నార్త్‌లాండ్, స్ట్రాన్‌మోర్ కాపురస్తురాలిని, కీర్తిశేషుడు ఆంగస్ అర్కర్ట్ భార్యను, డెబ్బయ్యారేళ్ళ ఎఫీ అర్కర్ట్ అనే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా జతచేశాను. అయిదో అంశం వినగానే మా తమ్ముడు డౌగల్ మాథెసన్ ముందుగా అనుమానించేది నా మతినే.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కొడుకు టార్క్విల్‌ది. నన్ను పూడ్చిపెట్టక ముందే, మా ముందు గదిలో, బంధువులందరి ఎదుటా దీన్ని చదవాలి. టార్క్విల్ మెతక మనిషి. మేనమామ గొంతు పెంచితే వీడు తల దించుతాడు. అందుకని చదివే పని లాయరుగారికే అప్పగించాను.

2. ఇల్లు, నలభై ఎకరాలు, ఆవులు టార్క్విల్‌కే చెందుతాయి. ఎర్రావు తంతుంది. దాన్ని అమ్మేటప్పుడు ఆ మాట కొనేవాడికి ముందే చెప్పాలి.

3. ఓట్ రొట్టెలు కాల్చే ఇనప పెనం నా కోడలు న్గహూయాకు. అది మా అమ్మది, కూతుళ్ళకే ఇస్తూ వస్తున్నాం. ఇరవయ్యేళ్ళ కిందట న్గహూయా మన తెల్లజాతి కాదు, ఈ దేశపు మావోరీ పిల్ల అని నేను ఆ పెళ్ళికి వెళ్ళలేదు. తలనొప్పి అని కబురు పంపాను. నాకు తలనొప్పి లేదు. ఆ పిల్లకు ఆ సంగతి తెలుసు, అయినా పోయినేడాది నేను మంచాన పడితే మూడు వారాలు నాకు తల దువ్వింది. క్షమించమని నోరు తెరిచి అడగలేకపోయాను, ఇక్కడ అడుగుతున్నాను.

4. ఇక కిల్టు సంగతి. ఏటా జనవరి ఒకటిన మన ఆటల పండగలో, వాద్యబృందం ముందు నడిచే మనిషి నడుముకు చుట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ బట్ట, మా పుట్టింటి మాథెసన్ కిల్టు, నా సొత్తు. మా అమ్మ పోయేముందు నలుగురి ఎదుటా నా చేతికిచ్చింది. డౌగల్ ఏటా పండగకు అడిగి తీసుకెళ్తాడు, పురుగు కొట్టిన చోట్ల నేను రఫ్ఫు చేస్తాను. ఇప్పుడు డౌగల్ అధ్యక్షుడుగా ఉన్న పండగ సంఘం ఒక తీర్మానం చేసింది. మా తాత స్కాట్లండు నుంచి ఓడలో తెచ్చిన కిల్టు కనక దాన్ని కొత్త హాలులో అద్దాల పెట్టెలో ఉంచాలట, ముందు నడిచే గౌరవం మాథెసన్ మగవాళ్ళకే దక్కాలట. న్గహూయా కూతురు, నా మనవరాలు మిరియామాకు పంతొమ్మిదేళ్ళు. ఈ జిల్లాలో దానంత బాగా బ్యాగ్‌పైపు వాయించేవాళ్ళు లేరు. వచ్చే పండగలో ముందు నడుస్తానని అదే అడిగింది. దానికి డౌగల్ నా వంటింట్లో కూర్చుని, నా రొట్టె తింటూ ఏమన్నాడో మాట పొల్లుపోకుండా రాయిస్తున్నాను: “అక్కా, పిల్ల బాగా వాయిస్తుంది, కాదన్నానా? కానీ అది మాథెసన్ కాదాయె. పైగా ఆడపిల్ల. పైగా...” అని ఆగి టీ తాగాడు. ఆ రెండో ‘పైగా’ తరవాత మింగేసింది ఏమిటో నాకు తెలుసు. పక్కగదిలో ఉన్న మిరియామాకూ తెలుసు. అది పైపు సంచీలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

5. కాబట్టి యాభై నాలుగేళ్ళుగా దాచిన నిజం చెబుతున్నాను. ఆ కిల్టు ఏ ఓడా ఎక్కలేదు. మా తాత ఇక్కడ దిగింది మోకాళ్ళ దగ్గర మాసికలు వేసిన ప్యాంటుతో. కిల్టుకు ఎనిమిది గజాల ఉన్నిబట్ట పడుతుంది. అంత బట్ట ఉన్నవాడైతే ఆయన ఓడే ఎక్కేవాడు కాదు. ఊరు వెలిసి యాభయ్యేళ్ళయిందని 1903లో ఉత్సవం తలపెట్టి, ఓడలో తెచ్చిన వస్తువులు చూపించమన్నారు. మా నాన్నకు రోషం వచ్చింది. “ఊరందరూ ఏదో ఒకటి పట్టుకొస్తుంటే మనం చేతులూపుకుంటూ పోవాలా? ఏం చేస్తారో నాకు తెలీదు, ఇంట్లోంచి ఒక కిల్టు రావాలంతే” అన్నాడు. మా గొర్రెల ఉన్నితో అమ్మ బట్ట నేసింది, నేను కుట్టాను. డౌగల్‌కు అప్పుడు ఆరేళ్ళు, నాన్న చెప్పిందే నమ్మాడు. వాడి తప్పు లేదు. నాన్న బతికున్నన్నాళ్ళూ భయపడి, ఆ తరవాత సిగ్గుపడి నోరు మూసుకున్న తప్పు నాది.

రంగులు మాత్రం మాకు కుదరలేదు. ఉన్నిదారం ఎన్నిసార్లు రంగులో ముంచినా ఉడికించిన బంగాళాదుంప రంగే వచ్చింది. వాగు అవతల ఉండే హేనీ అనే మావోరీ ఆవిడ చూసి నవ్వి, “మీ దేశం చెట్లు ఇక్కడెక్కడివే పిచ్చిపిల్లా? ఇక్కడి చెట్టునడుగు” అంది. బెరడు ఉడికించి ఎరుపు తెప్పించింది. చిత్తడినేల బురదలో నానబెట్టి నలుపు తెప్పించింది. మోచేతుల దాకా ఆ బురదలో నేనూ ఆవిడతో కూర్చున్నాను. హేనీ న్గహూయాకు నాయనమ్మ, మిరియామాకు ముత్తవ్వ. అంచేత ఆ గళ్ళలో మాథెసన్లది ఉన్ని, హేనీది రంగు. రక్తం సంగతి మాట్లాడదలిచినవాళ్ళు ఇది విన్నాక మాట్లాడండి.

6. పై కిల్టును సర్వహక్కులతో మిరియామాకు ఇస్తున్నాను. కిల్టుకు బట్ట కత్తిరించం, కుచ్చిళ్ళు మాత్రమే కుడతాం, విప్పితే మరొక నడుముకు సరిపోవాలని. ఆగస్టులో పదకొండు రోజులు కూర్చుని కుచ్చిళ్ళన్నీ విప్పి, మిరియామా నడుముకు మళ్ళీ కుట్టాను. డౌగల్ నడుము నలభై నాలుగు అంగుళాలు, మిరియామాది ఇరవై ఆరు. తీర్మానాలు ఎన్ని చేసుకున్నా ఇక వాడికి పట్టదు. ఒకటే షరతు: దీన్ని కట్టుకోవాలి, వర్షంలో తడిసినా, బీరు ఒలికినా సరే. చిరిగితే రఫ్ఫు చేయాలి. పెట్టెలో పెడితే హక్కు రద్దవుతుంది.

7. తమ్ముడు డౌగల్‌కు: నా మంచం కింది కొయ్యపెట్టెలో, దుప్పటి అడుగున, మా తాత ప్యాంటు ఉంది. ఓడ దిగినరోజు తొడుక్కున్నది అదే, నాయనమ్మ పారేయనివ్వలేదు. అద్దాల పెట్టె ఖాళీగా ఉంటుందన్న బెంగ ఉంటే దీన్ని పెట్టుకో. నువ్వు నాకు కోపం తెప్పించావు గానీ పరాయివాడివి కావు. నిన్ను చంక దించకుండా మోశాను. ఆ మాసికలు చూసి సిగ్గుపడకు నాయనా, ఆయన ఆకలితో వచ్చి మనకు అన్నం పెట్టాడు.

8. నా అంత్యక్రియలకు పూలు వద్దు, ఉపన్యాసాలు అంతకంటే వద్దు. ఇంటి నుంచి శ్మశానం దాకా మైలున్నర దూరం, మిరియామా ఆ కిల్టు కట్టుకుని, పైపు వాయిస్తూ నా ముందు నడవాలి. శవపేటికను ముందువైపు కుడిపక్కన డౌగల్ పట్టాలి, వేరెవరూ పట్టకూడదు. దారిలో ఎవరైనా మిరియామాను ఆపినా, తప్పుకోమన్నా, వాళ్ళు దారి వదిలేదాకా మోసేవాళ్ళు పెట్టె దించకుండా అక్కడే నిలబడాలి. నేను బరువైన మనిషిని. నాకు తొందర కూడా లేదు.

1957 నవంబరు 9, స్ట్రాన్‌మోర్.

(సంతకం) ఎఫీ అర్కర్ట్

మా ఎదుట చదివించుకుని, విని, సంతకం చేసింది.
సాక్షులు:
1. లకీ మెక్‌గ్రెగర్, పోస్టుమాస్టరు
2. జెస్సీ బుకానన్, బడిపంతులమ్మ