నాలుగో గొట్టం

పొగగొట్టాల చక్రవర్తి బాబాయిగారి దివ్య సముఖానికి, బి.ఏ. పాసైన అన్నకొడుకు మనవి.

ఇవాళ నీ సంవత్సరీకం. తాబేలు డిప్పలా ఉండే నీ పాత కారు మామిడితోట పాకలోనే ఉంది. గాలికి చల్లబడే చిన్న ఇంజన్ తీసి, అదే జాతి పెద్దది బిగించావు. దానికి పొగగొట్టాలు మూడు వంచి, నాలుగోది వంచకుండానే వెళ్లిపోయావు. ఇవాళ ఇంజన్ పలక్కపోతే కారుని తుక్కుకి ఇచ్చేస్తానంది పిన్ని.

వంచేటప్పుడు నొక్కుకుపోకుండా గొట్టంలో ఇసుక కూరుతున్నాను.

"ఆగరా! తడి ఇసుక కొలిమిలో పెడితే పేలుద్ది. మీ బాబాయికి ప్రతిసారీ నేనే వేయించిచ్చా," అంటూ పిన్ని, పేలాలు వేయించే మంగలం పొయ్యెక్కించింది.

"ఉప్పూ కారం వేస్తావా పిన్నీ?" అన్నాను.

"నోర్ముయ్!"

వేయించిన ఇసుక కూరి కొలిమిలో కాలిస్తే, గొట్టం ఏనుగు తొండంలా నున్నగా వంగింది. ఇసుక దులిపి ఇంజన్‌కి బిగించాను.

ఇంజన్ స్టార్టయింది బాబాయ్! నాలుగు గొట్టాలూ ఒకే గొంతుతో పలికాయి. తోటలో చిలకలన్నీ లేచిపోయాయి. నాకు ఒక్క జోకూ తట్టలేదు.

"ఇందుకా నాతో ఇసుక వేయించాడు!" అంది పిన్ని, వణుకుతున్న ఇంజన్ మూత మీద చెయ్యి వేసి.

"ఆపనా?"

"ఉండనీరా."

పెట్రోలు అయిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.