రెండు లీటర్ల గాలి

చిన్నమ్మడికి నాన్న ఆశీస్సులు.

మేమిద్దరం క్షేమం. మీ అమ్మ ముక్కుకు గొట్టం, నా నోటికి తాళం, అంతే తేడా. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

భుజానికి తగిలించుకునే చిన్న ఆక్సిజన్ మిషన్ ఎందుకు కొనలేదని అడిగావు. చూశాం, ముద్దుగానే ఉంది. కానీ మనిషి ఊపిరి పీల్చినప్పుడే అది గాలి వదులుతుందట. మీ అమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతుంది కదా, ఆ పీల్పు దానికి అందకపోవచ్చు, ఆగకుండా గాలి ఇచ్చేదే కొనమన్నారు డాక్టరమ్మ. అందుకే చక్రాలున్న పెద్దది తెచ్చాం. మోతంటావా, నేను నడిపిన బస్సుల ముందు అదెంత! కరెంటు పోతే ఉంటుందని ఓ సిలిండర్ కూడా మూలన పెట్టాం. గొట్టంతో పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి వంట నాది. మీ అమ్మ తిండి తగ్గిందన్నావే, దానికి కారణం జబ్బు కాదు.

ఇక, పది లీటర్లది కొని వారం తిరక్కుండా ఐదు లీటర్లదానికి ఎందుకు మార్చారన్నావు. షాపువాడి పొరపాటని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం తల్లీ.

డాక్టరమ్మ నిమిషానికి రెండు లీటర్ల దగ్గరే పెట్టమన్నారు. కొండ దారుల్లో బస్సు తోలిన బుర్ర నాది, ఇంజను ఎంత పెద్దదైతే అంత మంచిదని పది లీటర్లది పట్టుకొచ్చాను. ఓ పొద్దున స్నానం చేసి వచ్చి మీ అమ్మ ఆయాసపడుతుంటే చూడలేకపోయాను. ఎత్తులో యాక్సిలరేటర్ తొక్కినట్టు మీట ఆరుకు తిప్పేశాను. తేరుకుంది. సంబరపడి అలాగే వదిలేశాను.

మధ్యాహ్నానికి తలనొప్పంది. తర్వాత పిలిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది, కళ్లు మూతలు పడిపోయాయి. పక్కింట్లో ఉండే నర్సు పరుగున వచ్చి, మీట రెండుకు దించి, ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"ఇది మందులాంటిదండీ. ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బుకు మోతాదు మించితే విషమే" అంది.

నా చేతులతో నేనే మీ అమ్మను పోగొట్టుకునేవాణ్ణి. తెలివొచ్చాక ఆమెకు చెప్పేశాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. నా చెయ్యంటే నాకే భయమేసి ఆ మిషన్ మార్చేశాను.

అయినా ఆమె ఎగశ్వాస పడితే చెయ్యి మీట మీదికే పోతోంది. నిన్నా అలాగే పోతే పట్టుకుంది.

"ఎందుకండీ అంత తొందర?" అంది, ఊపిరి కూడదీసుకుంటూ. "మెల్లగానే తోలండి. నేనెక్కడా దిగిపోవట్లేదు."

చెయ్యి వదల్లేదు. కాసేపటికి ఆయాసం దానంతటదే తగ్గింది.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పి నిద్రపట్టని
మీ నాన్న