తాలీం గడప

మానుకోట,
20-1-1979

సుమిత్రకు,

నువ్వు దేవరుప్పుల పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. రెండు కార్డులు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. బిడ్డ రుక్కి ఎట్లా ఉంది? జ్వరం మళ్లీ రాలేదు కదా? ఆ ఒక్క ముక్క రాయడానికి కూడా నీకు చేతులు రావడం లేదా?

ఇక్కడ నా పాట్లు చెప్పతరం కాదు. పొద్దు పొడవక ముందే తాలీంలో కుస్తీ సాధన, వచ్చి బర్రెను పిండుకోవడం, నాలుగు మెతుకులు ఉడికించుకుని తాలూకాఫీసుకు ఉరకడం, సాయంత్రం మళ్లీ తాలీం. శివరాత్రికి కురవి జాతరలో జరిగే కుస్తీలకు మా తాలీం తరఫున నేనే పోతున్నాను. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు, ఇంట్లో ఊరికే కూర్చోలేక మొదటిసారి ఆ మట్టిలో కాలు పెట్టాను. పదేండ్లకు దక్కింది ఈ అవకాశం. సంతోషంగా చెప్పుకుందామంటే ఇంట్లో మనిషి లేదు.

ఆ రోజు సంగతి ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి? లోపల ఇరవై మంది అరుస్తున్నారు. నువ్వు తాలీం గడపలో నిలబడి పిలిస్తే నాకు వినపడలేదు. వినపడితే రానా? నేనేమన్నా కసాయివాడినా? ఇంత మాత్రానికి ఇల్లు విడిచిపోయిన వాళ్లను నేనెక్కడా చూడలేదు. శివరాత్రికి ముందే వచ్చెయ్.

జగపతి


మానుకోట,
1-2-1979

సుమిత్రా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆఫీసులో ఫైలు ముందు కుదురు లేదు, ఇంట్లో కాలు నిలవడం లేదు. నిన్న తాలీంలో లింగ్యా నన్ను రెండుసార్లు చిత్ చేశాడు. ఇన్నాళ్లూ వాడు నన్ను ఒక్కసారీ పడగొట్టలేదు. భిక్షం ఉస్తాద్ నా దిక్కు చూసి, "ఏందిరా జగపతి, పానం ఎక్కడ పెట్టి వచ్చినవ్?" అన్నాడు. 

సుమిత్రా, ఆ రోజు నాకు వినపడింది.

మొదటి పిలుపే వినపడింది. "ఓ రుక్కి వాళ్ల బాపూ! బిడ్డ కండ్లు తేలేస్తున్నది, జల్ది రా!" అన్నావు. అప్పుడు నా చేయి లింగ్యా మెడ మీద ఉంది. మా తాలీం పద్ధతి నీకు తెలుసు. ఆడవాళ్లు గడప దాటి లోపలికి రాకూడదు. జోడి కట్టిన తర్వాత ఒకడి వీపు నేలకు తగిలేదాకా మట్టి దాటి బయటికి పోకూడదు, పోతే ఓడినట్టే. కురవికి ఎవరు పోవాలో తేల్చే జోడి అది. రెండు నిమిషాల్లో ముగుస్తుంది, అప్పుడు పోదామనుకున్నాను. నువ్వు మళ్లీ పిలిచావు. అదీ వినపడింది. ఆ రెండు నిమిషాలు పావుగంట అయ్యాయి.

ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. గెలిచిన తర్వాతైనా నేను ఉరకలేదు. ఉస్తాద్ తలకు రుమాలు చుడుతుంటే వంగి చుట్టించుకున్నాను. అందరికీ బెల్లం పంచుతుంటే నవ్వుకుంటూ నిలబడ్డాను. ఇంటికి వచ్చి చూస్తే తాళం. ఎదురింటి సారక్క రిక్షా పిలిచి మిమ్మల్ని దవాఖానకు తీసుకుపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. నేను అక్కడికి చేరేసరికి డాక్టరు సూది మందు ఇచ్చేశాడు, బిడ్డ నిద్రపోతోంది. నువ్వు "వినపడలేదా?" అని ఒక్కమాట అడిగావు. "లేదు" అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. సారక్క లేకపోతే ఆ రోజు ఏమయ్యేది?

ఒక నిర్ణయానికి వచ్చాను. తాలీం మానేస్తాను. కురవి వద్దు, కుస్తీ వద్దు. రుక్కి కోసం ఈ జన్మలో మళ్లీ ఆ గడప తొక్కను. నువ్వు రా. ఉస్తాద్‌కు ఇంకా చెప్పలేదు, నీ జవాబు రాగానే చెప్తాను.

నీ
జగపతి


దేవరుప్పుల,
8-2-1979

రుక్కి వాళ్ల బాపుకు సుమిత్ర దండాలు.

రుక్కి బాగుంది. జ్వరం మళ్లీ రాలేదు. మేక పిల్లల వెంట పడి రోజంతా ఉరుకుతోంది, మోకాళ్లు రెండూ గీసుకుపోయాయి.

మీకు వినపడిందని నాకు ఆ రోజే తెలుసు. నేను పిలవగానే మీ తల నా దిక్కు తిరిగింది. నన్ను చూశారు, మళ్లీ వంచుకున్నారు. మీరు రాలేదని కోపమే, ఎందుకు లేదు? కానీ నేను కండ్లారా చూశాక కూడా, నా మొఖం మీదనే వినపడలేదన్నారు. అందుకే అన్నయ్యకు కబురు పెట్టి వచ్చేశాను. ఇప్పటికైనా నోరు తెరిచి నిజం చెప్పారు, సంతోషం.

తాలీం మానేస్తానని రాశారే, అది చదివితే మాత్రం ఒళ్లు మండింది. ఎవరి కోసమట? రుక్కి కోసమా? రేపు అది పెద్దదవుతుంది. కూరలో ఉప్పు తక్కువైన రోజు కూడా "నీ కోసం కుస్తీ విడిచిపెట్టిన బిడ్డా" అంటారు. మిమ్మల్ని నేనెరగనా? పైగా తాలీం లేని ఆదివారం మీరు ఇంట్లో ఎట్లుంటారో నాకు తెలుసు, బర్రె కూడా పరేషాన్ అవుతుంది. ఆ బరువు నా బిడ్డ నెత్తిన పెట్టకండి. మానొద్దు.

నా సంగతి ఒకటి వినండి. పోయినేడు నాకు బాలవాడి టీచర్ ట్రైనింగుకు పిలుపు వచ్చింది. మీ పాలు, మీ బాదం పప్పు, రెండు పూటలా మీ తాలీం, ఇవన్నీ ఎవరు చూస్తారని ఆ కాగితం మీకు చూపించనే లేదు. తప్పు నాది కూడా. ఈ ఏడు మళ్లీ వచ్చింది. పద్నాలుగో తారీఖు నుంచి భూపాలపల్లిలో మూడు వారాలు. నేను పోతున్నాను.

బిడ్డను ఇక్కడే ఉంచమని మా అవ్వ గోల చేసింది. "పిలిస్తే రానోనికి పోరిని అప్పజెప్తవా? నీకు మతి ఉన్నదా?" అంది. "దాని బాపు దగ్గరే ఉంటది" అన్నాను. నాకు భయం లేదనుకుంటున్నారా? నిద్ర పట్టడం లేదు. అయినా పన్నెండో తారీఖు పొద్దటి బండి జనగామలో ఎక్కి మానుకోటలో దిగుతాం. దాన్ని మీ చేతికిచ్చి నేను వెనక్కి పోతాను. దానికి రెండు జడలు వేయాలి, ఒకటి వేస్తే ఊరుకోదు. పెరుగన్నంలో మిరపకాయ కనబడొద్దు. మీరు ఆఫీసుకు పోయిన వేళ సారక్క చూసుకుంటుంది, మీరే పోయి అడగండి. ఒళ్లు కాస్త వెచ్చబడినా సారక్కను పిలవండి, సిగ్గుపడకండి. ఇవన్నీ అయ్యాకే దండ్లు, బైఠక్‌లు. ఎట్ల కుదుర్చుకుంటారో, ఏ పూట మానుకుంటారో మీరే చూసుకోండి, నేను చెప్పను.

ఆ మూడు వారాల నడుమనే శివరాత్రి. మీరు కురవికి పోవాలి. రుక్కిని ఎవరింట్లోనో దిగబెట్టి కాదు, భుజం మీద ఎక్కించుకుని పోవాలి. అంత పెంచిన భుజాలు ఊరికే చూపించడానికేనా? మీరు మట్టిలోకి దిగినప్పుడు దాన్ని ఉస్తాద్ ఒళ్లో కూర్చోబెట్టండి. అది ఏడ్చిందంటే జోడి ఆగాల్సిందే, ఎవరి వీపు నేలకు తగలకపోయినా సరే. మీరు ఓడినట్టు లెక్కేసినా సరే. ఈ మాట ఆయనకు ఇప్పుడే చెప్పి ఒప్పించి పెట్టండి.

ఇట్లు,
సుమిత్ర