వెనక కెమెరా పీకించకండి

ఏవండీ, నిన్న మన కారుకి వెనక కెమెరా బిగించిన షాబాజ్ పదింటికి వస్తాడు. దాన్ని పీకేయమని మీరే ఫోన్ చేశారట. పీకించకండి. ఫ్లాస్కులో టీ ఉంది, అతనికి ఇచ్చి పంపేయండి. నిన్న అతన్ని అన్న మాటలకి సారీ చెప్పండి, నోరు అరిగిపోదు.

వంకాయ కూర, చారు స్టవ్ మీద ఉన్నాయి. వేడి చేసుకోండి. నాకు ఫోన్ చేయకండి, ఎత్తను.

ఆదివారం పెంటపాడు చర్చి దగ్గర అంత పెద్ద బండిని రివర్స్ చేస్తూ నన్ను గోడకి అదిమేశారు. పైగా అందరి ముందూ "నువ్వు చెప్పలేదు" అన్నారు. మూడుసార్లు ఆపమని అరిచానండి. డిక్కీ మీద చేత్తో బాదాను. పాస్టరమ్మగారు పరిగెత్తుకొచ్చి మీ పక్క అద్దం మీద కొడితే గానీ ఆగలేదు మీరు. నా మోకాలు ఇంకా కమిలే ఉంది. ఎలా ఉందని ఒక్కసారైనా అడిగారా?

ఇరవయ్యేళ్లుగా మీ బండి వెనక నిలబడి "రానివ్వండి, రానివ్వండి" అంటున్నాను. ఇక నిలబడను. ఆ కెమెరానే తిట్టుకోండి.

నేను పాసింజర్‌కి ఏలూరు వెళ్తున్నాను. చెల్లెలింటికని సంబరపడకండి, సాయంత్రానికి వచ్చేస్తాను.

– కరుణ

గోడ దగ్గరికి వచ్చినా కెమెరాకి బీప్ రావడం లేదని షాబాజ్ మీద విరుచుకుపడ్డారు కదా. ఆ బీప్ నాకు వంటింట్లోకి వినిపించింది. ఏలూరులో చెవుల డాక్టరు దగ్గర మీ పేరు రాయించడానికే వెళ్తున్నాను.