కనురెప్పల బాలయేసు

ఫింటాస్

అమ్మా, క్షేమంగా తిరిగొచ్చాను, ఇక దిగులు మాను.

నేను పనిచేసే ఇంటి మామా వాళ్లు జర్మనీ వెళుతూ పిల్లల్ని చూసుకోడానికి నన్నూ తీసుకెళ్లారు. కార్డు వెనక ఫోటో ఆ ఊరిదే, న్యూరెంబర్గ్. కోట కింద ఒక కొట్టునిండా చెక్కబొమ్మలే. గోరంత పశువుల తొట్టెలో బాలయేసుకు కనురెప్పలు కూడా చెక్కారు. "మామా, షూఫీ" అని అరబీలో, చూడమని చూపించాను. కొట్టు ముసలామె ఇంగ్లీషులో, "మీ అమ్మాయికి నచ్చినట్టుంది" అంది మామాతో. జర్మన్ భాషలో మామా అంటే అమ్మట. పనిమనుషులం యజమానురాలిని అలా పిలుస్తామని ఆమెకేం తెలుసు. మామా కాదనలేదు. బొమ్మ కొని నా చేతిలో పెట్టింది.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? బొమ్మను ఊరికొస్తున్న కేథరిన్ వదిన చేత పంపుతున్నాను.

మామా అసలు పేరు నూరియా. ప్రార్థనలో నా పేరు పక్కన ఆ పేరూ చెప్పు.

నీ ఫ్లోరెన్స్