తగ్గిందా అని అడగకు

పిన్నీ,

చెల్లి మైగ్రేన్‌కి నువ్వు చెప్పిన వెన్నెముక డాక్టరు దగ్గరికి పన్నెండుసార్లు వెళ్లాం. మెటికలు విరిచినట్టు దాని మెడ టక్కుమనిపించి, "ఎలా ఉందమ్మా?" అంటాడు. "తగ్గిందండీ" అంటుంది. అమ్మ మొహం వెలిగిపోతుంది. ఇంటికొచ్చాక అది కిటికీకి దుప్పటి కట్టించుకుని, పక్కన వాంతికి బకెట్ పెట్టుకుని పడుకుంటుంది.

నిన్న నిలదీశాను. "తగ్గలేదంటే ఇంకోసారి విరుస్తాడక్కా. తగ్గిందంటే అమ్మ ఆ పూట అన్నం తింటుంది" అంది. పద్నాలుగేళ్ల పిల్ల!

అమ్మకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆవిడకు మిగిలింది 'తగ్గింది' అన్న ఆ మాటొక్కటే. ఆదివారం ఫోన్ చేసినప్పుడు నువ్వైనా దాన్ని "తగ్గిందా?" అని అడగకు. ఇంకేదైనా అడుగు.

ఈ పొద్దున నేను గది తలుపు తీశానో లేదో, గోడవైపు తిరిగి పడుకునే "తగ్గిందక్కా" అంది.

నేనింకా ఏమీ అడగలేదు పిన్నీ.

నీ అక్క పెద్దకూతురు