పొడి వల

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీ ఫొటోకి దండ వేసి, నీకిష్టమైన వంజరం చేపల పులుసు పెట్టాం.

నిన్ను పొడిచింది ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకునేవాడేనని ఊరంతా కలిసి వాణ్ణి ఆ రోజే రేవులో కొట్టి చంపింది. "ఎలాగూ ఉరే పడతాది, కోర్టులెందుకు?" అంటారు ఇప్పటికీ. పడేదేమో. కానీ ఉరి వేసేముందు మనిషిని అడుగుతారు కదా!

వాడు చేతులు జోడించి, "నాను కాదు బాబూ, నాను సూసినాను, ఆ..." అంటుండగానే మొదటి రాయి వేసింది మీ ఆయనే. పెళ్లాం మీద ప్రేమన్నారు జనం.

సముద్రంలో చేపల వేట నుంచి నేరుగా పరిగెత్తుకొచ్చానన్నాడు బావ. భుజాన వల మాత్రం పొడిగా ఉంది. వలల మీద బతికే ఊళ్లో దాని వైపు ఒక్కరూ చూడలేదు. దాన్ని అందుకుని మూలన పెట్టింది నేనే.

ఇందాక అమ్మ, "పిల్లలు సిన్నోళ్లే. బావ నిన్నే సేసుకుంటానంటన్నాడు, ఏటంటావు?" అంది. గుమ్మంలోంచి బావ నా మొహమే చూస్తున్నాడు.

అక్కా, ఆ సామాన్లవాడు మధ్యలో ఆపిన మాట నేను పూర్తి చేస్తే ఊరు మళ్లీ రాళ్లు తీస్తుంది. ఈసారీ ఎవరూ ఏమీ అడగరు. ఆ రాళ్లు బావ మీద పడతాయో, నా మీద పడతాయో.